గండికోటకు 77.91 కోట్లు సరే, ఆట ఆడే కళాకారులకు ఎంత?

జమ్మలమడుగు_కుర్రోడు

2024 నవంబరులో కేంద్రం దేశం మొత్తం మీద 40 పర్యాటక ప్రాజెక్టులకు 3,295 కోట్లు మంజూరు చేసింది గుర్తుందా? అందులో మన రెండు రాష్ట్రాలకు నాలుగు వచ్చాయి. మా గండికోటకు 77.91 కోట్లు, రాజమండ్రి అఖండ గోదావరికి 94.44 కోట్లు, తెలంగాణలో రామప్ప ప్రాంతానికి 73.74 కోట్లు, సోమశిలకు 68.10 కోట్లు. సంతోషమే. రోడ్డు బాగుపడితే, నాలుగు టాయిలెట్లు కడితే, పెన్నా లోయ అంచున సెల్ఫీల కోసం వేలాడేవాళ్లకు ఒక రెయిలింగ్ పడితే ఎవరికి చేదు?

నేను అడిగేది వేరే. మా కడప జిల్లాలోనే సురభి అని ఒక ఊరుంది. 1885లో వనారస గోవిందరావు గారి బృందం అక్కడ కీచక వధ ఆడింది. సురభి నాటకం అక్కడే పుట్టింది. ఇవాళ ఆ కుటుంబాల్లో చాలామంది హైదరాబాదులో, శేరిలింగంపల్లి సురభి కాలనీలో ఉంటున్నారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలవాళ్లు ఉన్నారు. ఆ ఊరివాడే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వీళ్లంతా చుట్టుపక్కలవాళ్లే. కానీ కోట చూడ్డానికి వచ్చినవాడికి సాయంత్రం ఆరు దాటితే ఏముంది? టెంటు, చికెన్ కబాబు, బ్లూటూత్ స్పీకర్. అంతే.

దాదాపు 78 కోట్లలో ఒక్క కోటి పక్కన పెట్టి, ఏడాది పొడుగునా శని ఆదివారాల్లో కోటలో ఆటలు ఆడించలేరా? తెలిసినవాళ్లు చెప్పండి.

రాజమండ్రి_రేవు

తమ్ముడూ, ముందు జనం రావాలి కదా. జనం వస్తే ఆటలవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. మా దగ్గర హేవలాక్ వంతెన మీద రైళ్లు ఆగిపోయింది 1997లో. అప్పటినుంచి "వంతెనను టూరిస్టు స్పాట్ చేస్తాం" అని ప్రతి ఎన్నికలకూ వింటూనే ఉన్నాం. ఇప్పటికి డబ్బు కనిపించింది. దాంట్లో కూడా వాటాలు అడగడం మొదలుపెడితే ఆ ఉన్నది కూడా పోతుంది.

తెర_బొమ్మ

"వాళ్లంతట వాళ్లే వస్తారు" అన్న మాట బాగుంది. ఏ బస్సులో, ఎవరి ఖర్చుతో?

ఫైళ్ల_తాతయ్య

కుర్రోడు గారూ, నేను సచివాలయంలో పద్దులు చూసి రిటైరైనవాణ్ని. మీ ప్రశ్నకు సమాధానం మనసుల్లో లేదు, పద్దుల్లో ఉంది.

మీరు చెప్పిన డబ్బు గ్రాంటు కాదు. రాష్ట్రాల పెట్టుబడి వ్యయానికి కేంద్రం ఇచ్చే ప్రత్యేక సాయం. అంటే 50 ఏళ్ల గడువున్న వడ్డీ లేని అప్పు. దాన్ని ఆస్తి మీదే పెట్టాలి. ఘాట్, వ్యూ పాయింట్, విజిటర్ సెంటర్, లైటింగ్, పార్కింగ్ ఇలాంటివి. కళాకారుడి పారితోషికం ఆస్తి కాదు, అది రెవెన్యూ ఖర్చు, అంటే ఆస్తి మిగలని ఖర్చు. అందులో ఒక్క కోటి కూడా ఆటలకు పెట్టడానికి కుదరదు. పెడితే ఆడిట్ వాళ్లు అభ్యంతరం చెప్తూ పేరా రాస్తారు, సంతకం పెట్టినవాడు పెన్షన్ అయ్యేదాకా దానికి జవాబులు రాసుకుంటూ కూర్చుంటాడు.

ఈ ఒక్క పథకమే కాదు. 2014-15లో మొదలైన స్వదేశ్ దర్శన్ అయినా, పుణ్యక్షేత్రాలకు ఇచ్చే ప్రసాద్ అయినా ప్రధానంగా కట్టడాల పథకాలే. పర్యాటక శాఖ కాంక్రీటుకు ఇస్తుంది, కళాకారుడి సంగతి సంస్కృతి శాఖ చూసుకోవాలి. ఆ సంస్కృతి శాఖ సంగతి చూడండి. 2025-26 కేంద్ర బడ్జెట్ 50.65 లక్షల కోట్లు. సంస్కృతి శాఖకు అందులో సుమారు 3,361 కోట్లు. వంద రూపాయల్లో ఏడు పైసల లోపే. దాంట్లోంచి మూడో వంతుకు పైగా పురావస్తు శాఖకు పోతుంది. మిగిలినదాన్ని మ్యూజియాలు, లైబ్రరీలు, అకాడమీలు పంచుకోవాలి. ఇక పల్లెలో బొమ్మలాడించేవాడి దాకా వచ్చేది ఎంతో మీరే లెక్కేసుకోండి.

జమ్మలమడుగు_కుర్రోడు

అర్థమైంది తాతయ్య గారూ. అంటే వేదిక కట్టడానికి డబ్బుంటుంది, దాని మీద ఎక్కేవాడికి ఉండదు.

ఫైళ్ల_తాతయ్య

సరిగ్గా అంతే. పైగా వేదిక కడితే శిలాఫలకం ఉంటుంది. ఆట ఆడిస్తే శిలాఫలకం ఎక్కడ పెడతారు?

మాటల_మూట

అందరూ తిట్టుకున్నా సరే, నా అభిప్రాయం చెప్తా. కళకు ప్రభుత్వం డబ్బు ఎందుకివ్వాలి? చూసేవాడుంటే టికెట్ కొంటాడు, లేకపోతే ఆ కళ కాలం తీరిందని అర్థం. మా తాత ఎద్దుల బండి తోలేవాడు, మేం సబ్సిడీ అడగలేదు. ఒకసారి సర్కారు జీతం మొదలైతే కళాకారుడు ప్రేక్షకుడి వైపు చూడ్డం మానేసి ఆఫీసు వైపు చూస్తాడు. పాట రాసేటప్పుడు కూడా పైవాళ్లకు నచ్చుతుందా అనే చూసుకుంటాడు. బతికినంతకాలం జనం చందాలతో బతికిన కళ ఇది.

డప్పు_దరువు

మాటల మూటన్నా, ఒక్క మాట అడుగుతా. సినిమా సబ్సిడీ లేకుండా బతికిందా? హైదరాబాదుకు సినిమా రావాలని స్టూడియోలకు స్థలాలిచ్చింది ప్రభుత్వమే. పెద్ద సినిమా వస్తే టికెట్ రేటు పెంచుకోమని జీవో ఇచ్చేది ప్రభుత్వమే. అది మార్కెట్ అంటారు, చిందు యక్షగానం వాళ్లకు దరఖాస్తు పెట్టుకోమంటే బిచ్చం అంటారు.

కానీ మీరు చెప్పిన రెండో మాటలో నిజముంది. మా తెలంగాణలో సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చారు. తెలంగాణ ఉద్యమ ధూంధాంలలో గొంతులు పోగొట్టుకున్నవాళ్లకు నెల జీతం వచ్చింది, ఇంట్లో గౌరవం వచ్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అయితే వాళ్ల ప్రధాన పని పథకాల ప్రచారం. నిన్నటిదాకా సర్కారును నిలదీసిన పాట ఇవాళ సర్కారు పథకం గురించి పాడుతుంది. సర్కారు మారితే పల్లవి మారుతుంది. డప్పు అదే, దరువు అదే.

నాకు కావలసింది జీతం ఇచ్చేవాడు పాట రాయించకుండా ఉండే ఏర్పాటు. అది ఎక్కడైనా ఉందా?

ఫైళ్ల_తాతయ్య

ఉండాలనే అకాడమీలు పెట్టారు. కేంద్ర సంగీత నాటక అకాడమీ 1953లో మొదలైంది. డబ్బు ప్రభుత్వానిది, నిర్ణయం కళ తెలిసినవాళ్లది అన్నది ఉద్దేశం. మన ఉమ్మడి రాష్ట్రంలోనూ ఇలాంటివి ఉండేవి. ఎన్టీఆర్ ప్రభుత్వం 1983లో వాటిని రద్దు చేసింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టి ఆ బాధ్యతలు దానికి అప్పగించింది. అకాడమీల్లో ముఠాలున్నాయి, పైరవీలున్నాయి అన్నది అప్పటి వాదన. ఉండి ఉండొచ్చు. కానీ ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోం కదా. తర్వాత రాష్ట్రం విడిపోయింది, విశ్వవిద్యాలయం విభజన చట్టంలోని పదో షెడ్యూలు సంస్థల జాబితాలో, అంటే రెండు రాష్ట్రాలూ పంచుకోవాల్సినవాటిలో, చిక్కుకుంది. కూచిపూడి, రాజమండ్రి, శ్రీశైలం పీఠాలు ఎవరివి, జీతాలు ఎవరివ్వాలి అన్న తగాదా ఏళ్ల తరబడి నడిచింది. రెండు రాష్ట్రాలూ మళ్లీ అకాడమీలు పెట్టుకున్నాయి. కానీ అధ్యక్షుణ్ని ప్రభుత్వమే వేస్తుంది, ప్రభుత్వం మారితే ఆయనా మారతాడు. బడ్జెట్ శాఖ ద్వారానే రావాలి. కాబట్టి డప్పు దరువు గారూ, మీరు అడిగిన ఏర్పాటు కాగితం మీద ఉంది.

ఓరుగల్లు_అడుగు

నేను పేరిణి నృత్యం నేర్చుకుంటున్నాను, పిల్లలకు నేర్పిస్తున్నాను కూడా. అందుకే రామప్ప పేరు చూసి ఆగాను.

రామప్ప గుడిని 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ గుడి స్తంభాల మీద, గోడల మీద ఉన్న నాట్య భంగిమలు చూసే నటరాజ రామకృష్ణ గారు పేరిణిని మళ్లీ నిలబెట్టారు. అంటే ఆ రాయికీ మా అడుగుకూ సంబంధం ఉంది. గుడికి వచ్చినవాళ్లు గైడ్ చెప్పింది విని, మదనికల బొమ్మల ముందు ఫోటో దిగి వెళ్లిపోతారు. ఆ భంగిమ కదిలితే ఎలా ఉంటుందో చూపించడానికి మాకు పావుగంట చాలు. నలుగురు నర్తకులు, ఒక మద్దెల, తాళం. వేదిక కూడా అక్కర్లేదు, గుడి బయట పచ్చిక ఉంది.

ఇక ఉత్సవాలప్పుడు మమ్మల్ని పిలుస్తారు, కాదనను. ఒక కార్యక్రమానికి పిలిచారు, ఏ శాఖో చెప్పను. మధ్యాహ్నం రెండింటికే మేకప్ వేసుకుని సిద్ధంగా ఉండమన్నారు. గజ్జెలు కట్టుకుని పిల్లలు ఎండలో కూర్చున్నారు. ముఖ్య అతిథి వచ్చేసరికి రాత్రి ఎనిమిదైంది. ప్రసంగాలయ్యాక "అమ్మా, ఐదు నిమిషాల్లో ముగించండి, సింగర్ గారికి ఫ్లైట్ ఉంది" అన్నారు. ఐదు నిమిషాల పేరిణి అంటే కాళ్లు వేడెక్కకముందే దిగిపోవడం. ఆ సింగర్ గారికి ముందే అడ్వాన్సు వెళ్లింది. మాకు బిల్లు పెట్టుకోమన్నారు.

తెర_బొమ్మ

అమ్మా, ఆ బిల్లు సంగతి నేను చెప్తాను. మాది బొమ్మలాట కుటుంబం, ధర్మవరం వైపు.

ఇంట్లో పని ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం. మేక తోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఆరబెడతాం. వెనక దీపం పెడితే వెలుతురు ఇవతలికి రావాలి, అంత పల్చగా కావాలి. దాని మీద బొమ్మ గీసి, నగలున్న చోటల్లా ఉలితో సన్న చిల్లులు పొడుస్తాం. రావణాసురుడి కిరీటంలో మెరిసేవి రంగులు కాదు, ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుతురు. ఒక్క చిల్లు తప్పుగా పడితే ఆ ముక్క పక్కన పెట్టాల్సిందే. చేతులు, తల విడిగా కోసి దారంతో కుడతాం. ఆటలో ఒకరు బొమ్మ ఆడిస్తూ, పాడుతూ, కాలి కింద చెక్క పలక తొక్కుతుంటారు, యుద్ధం చప్పుడు దాంట్లోంచే వస్తుంది. మధ్యలో బంగారక్క, కేతిగాడు వచ్చి ఊళ్లో ఎవరి గుట్టు వాళ్లకు విప్పుతారు. నిజం చెప్పాలంటే జనం రాముడి కోసం కాదు, వాళ్లిద్దరి కోసమే మేలుకుని కూర్చునేవాళ్లు.

రాత్రంతా ఆడే ఆటను ఇప్పుడు ఇరవై నిమిషాలకు కుదించాం. ప్రభుత్వ స్టేజీల మీద బంగారక్కను తీసేయమంటారు, బూతులట. దీపం బదులు ఎల్ఈడీ బల్బు.

మా ఇళ్లలో ఇప్పుడు పొయ్యి వెలిగేది ఆటతో కాదు, ల్యాంప్‌షేడ్లతో. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. దాంతో ఎగ్జిబిషన్లు పెరిగాయి, ఢిల్లీ, బెంగళూరు వెళ్లి అమ్ముకుంటున్నాం. హస్తకళగా మమ్మల్ని చూసే శాఖ వేరు, ప్రదర్శనగా చూసే శాఖ వేరు. హస్తకళ కార్డు ఉంది, స్టాలు ఇస్తారు, ప్రయాణ ఖర్చులు ఇస్తారు. అక్కడ మర్యాదగానే ఉంటుంది. ఆటగా చూసే చోట మాత్రం సంచి భుజాన వేసుకుని తిరగాలి. అందుకే మా పిల్లలు చిల్లులు పొడవడం నేర్చుకుంటున్నారు, పాట నేర్చుకోవడం లేదు. వాళ్లను నేను తప్పుపట్టను. ఇంకో పదిహేనేళ్లకు బొమ్మలు ఉంటాయి, ఆడించేవాళ్లు ఉండరు. గోడకు వేలాడదీసుకుంటారు.

బిల్లు విషయం. ఒక ఉత్సవానికి ఏడుగురం వెళ్లాం. వ్యాన్‌కు మేమే కట్టుకున్నాం. బిల్లు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సు, ఫోటోలు, గుర్తింపు పత్రం అన్నీ ఇచ్చాం. డబ్బులు పడేసరికి ఇంకో ఉత్సవం వచ్చింది. ఈలోపు వ్యాన్ కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టాం. అంటే లెక్క ప్రకారం ప్రభుత్వానికి మేమే అప్పిచ్చాం.

రాజమండ్రి_రేవు

అదేదో యాభై ఏళ్లకు వడ్డీ లేకుండా ఇవ్వకండి అన్నా, అలవాటైపోతుంది.

తెర_బొమ్మ

😄 బాగా చెప్పారు.

డెన్వర్_సుబ్బి

ఇక్కడ మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది, చెప్తాను. పనికొస్తుందేమో చూడండి. డెన్వర్ చుట్టుపక్కల ఏడు కౌంటీల్లో ఏ వస్తువు కొన్నా పది డాలర్లకు ఒక సెంటు కళలకు, సైన్సు మ్యూజియాలకు పోతుంది. 1988లో జనమే ఓటేసి పెట్టుకున్న పన్ను అది. గడువు తీరినప్పుడల్లా మళ్లీ ఓటింగ్ పెడతారు, జనం మళ్లీ ఒప్పుకుంటున్నారు. జూ, ఆర్ట్ మ్యూజియం లాంటి ఐదు పెద్ద సంస్థలకు ఎక్కువ భాగం, చిన్న బృందాలకు తక్కువ భాగం. ఆ పంపకం మీద ఇక్కడా కొట్లాటలే. కానీ చిన్న బృందాల డబ్బును ఆ కౌంటీలో ఉన్న కౌన్సిల్ నిర్ణయిస్తుంది. మంత్రిగారు రావాల్సిన పని లేదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1961 నుంచి హోటల్ గదుల మీద వేసే పన్నులోంచి కళలకు ఇస్తున్నారు. ఊరి కళ చూడ్డానికి వచ్చినవాడే ఆ కళకు కడతాడు. గండికోటలో టెంటు వేసుకునేవాడి దగ్గర అలా తీసుకోవచ్చు కదా?

ఇంకో విషయం, మనవాళ్ల మీదే. ఇక్కడ తెలుగు సంఘాల మహాసభలకు సినిమా వాళ్లకు బిజినెస్ క్లాస్ టికెట్లు, హరికథ చెప్పేవాళ్లకు "వీసా మీరే చూసుకోండి". ప్రభుత్వాన్ని అనే ముందు మనమూ ఇంతే.

ఫైళ్ల_తాతయ్య

సుబ్బి గారూ, ఆలోచన బాగుంది కానీ మన దగ్గర దారి మూసేశారు. హోటల్ గది మీద రాష్ట్రాలు వేసుకునే లగ్జరీ పన్ను 2017లో జీఎస్టీలో కలిసిపోయింది. వినోదపు పన్ను కూడా అంతే. స్థానిక సంస్థలు వసూలు చేసుకునేది మాత్రం మిగిలింది. కాబట్టి "గదికి వంద రూపాయలు కళా పన్ను" అని రాష్ట్రం ఇవాళ వేయడానికి కుదరదు. చేయగలిగిందల్లా ప్రవేశ రుసుము, పార్కింగ్ రుసుము పెట్టి ఆ డబ్బును వేరే ఖాతాలో వేయడం. అది పన్ను కాదు, రుసుము.

జీఎస్టీ విషయంలో చాలామందికి తెలియనిది ఒకటుంది. జానపద, శాస్త్రీయ సంగీతం, నృత్యం, నాటకాల్లో కళాకారుడు ఒక ప్రదర్శనకు తీసుకునేది లక్షన్నర లోపైతే జీఎస్టీ లేదు. నాటకం టికెట్ 500 దాకా ఉంటే దాని మీదా లేదు. బిల్లులో 18 శాతం కోస్తామని ఎవరైనా ఈవెంట్ మేనేజర్ అంటే ఈ మినహాయింపు చూపించండి.

ఓరుగల్లు_అడుగు

ఇది నిజంగా పనికొచ్చే మాట. థాంక్స్ తాతయ్య గారూ. మరి పెన్షన్ల సంగతి? మా గురువు గారికి అరవై దాటింది.

ఫైళ్ల_తాతయ్య

కేంద్ర సంస్కృతి శాఖ పథకంలో 60 దాటిన కళాకారులకు నెలకు 6,000 దాకా ఇస్తారు. ఏడాది ఆదాయం 72,000 మించకూడదు. ఆరు వేలు పన్నెండుతో గుణిస్తే సరిగ్గా 72,000. అంటే పెన్షన్ తీసుకునేవాడు ఆ పెన్షన్‌కు మించి ఒక్క రూపాయి సంపాదించినా ఇరుకున పడతాడన్నట్టు! దరఖాస్తుతో పాటు రాష్ట్రం గుర్తించిన కాగితం ఉండాలి. అక్కడే చాలామంది ఆగిపోతారు.

గురుశిష్య పరంపర గ్రాంటు కూడా ఉంది. బృందాన్ని నడిపే గురువుకు నెలకు 15,000, పద్దెనిమిది దాటిన శిష్యుడికి 10,000. పథకం మంచిదే. కానీ రిజిస్టరైన సంస్థ ఉండాలి, ఆడిటైన లెక్కలు ఉండాలి, ఆన్‌లైన్‌లో పెట్టాలి. నగరాల్లో చార్టర్డ్ అకౌంటెంట్ ఉన్న నాటక సంస్థకు ఇది తేలిక. బుర్రకథ దళానికి అకౌంటెంట్ ఎక్కడ దొరుకుతాడు?

డప్పు_దరువు

పైన ఒకరికి పద్మశ్రీ, కింద అందరికీ దరఖాస్తు. ఇదీ మన పాలసీ. కిన్నెర మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి పోతున్నాడని వార్తలొచ్చాయి, అందరం షేర్ చేసి బాధపడ్డాం. అదే ఏడాది ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం పద్మశ్రీలకు 25 లక్షలు, నెలకు 25 వేల పెన్షన్ ప్రకటించింది. మంచిదే. పద్మశ్రీ రాని కిన్నెరగాళ్ల మాటేంటి? ఆ అవార్డు రావడానికి ముందు అరవై ఏళ్లు ఆయన ఏ పథకంలో ఉన్నాడు?

కేరళను చూడండి. వజ్రజూబిలీ ఫెలోషిప్ అని పెట్టి వెయ్యి మంది యువ కళాకారులకు నెలనెలా డబ్బిచ్చి, పంచాయతీల్లో పిల్లలకు ఉచితంగా నేర్పమన్నారు. ముసలితనానికి పెన్షన్ ఇవ్వడం కన్నా పాతికేళ్ల వయసులో ఫెలోషిప్ ఇవ్వడం మేలు. తెర బొమ్మ గారి పిల్లలు పాట నేర్చుకునేది అప్పుడే.

మాటల_మూట

కేరళ ఖజానా పరిస్థితి కూడా చూడండి మరి. సరే, ఒకటి ఒప్పుకుంటా, సినిమాకు ఇచ్చే జీవోల విషయంలో డప్పన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ ప్రభుత్వమే ఇవ్వాలని ఎందుకు? గుళ్లున్నాయి. తిరుమలలో నాదనీరాజనం వేదిక మీద రోజూ కచేరీలు జరుగుతాయి. టీటీడీ 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది కాబట్టే అన్ని కీర్తనలు మన చెవిన పడ్డాయి. అది భక్తుల డబ్బు, బడ్జెట్ కాదు.

ఓరుగల్లు_అడుగు

గుడి ఇచ్చేది గుడికి నచ్చినదానికే. అన్నమయ్య పాడితే సరే. బంగారక్క, కేతిగాడు నాదనీరాజనం ఎక్కగలరా? ఒగ్గు కథ ఎక్కుతుందేమో గానీ, డప్పు? అందరి డబ్బుతో నడిచే వేదిక కావాలన్నది అందుకే.

అదీగాక ఒకప్పుడు కూచిపూడి భాగవతులకు ఆ ఊరిని అగ్రహారంగా ఇచ్చింది గోల్కొండ తానీషా అంటారు. పాలకుడు ఇవ్వడం మన దగ్గర కొత్త కాదు. ఒకసారి ఇచ్చి, ఏం ఆడాలో చెప్పకుండా వెళ్లిపోయాడు చూడండి, అది కావాలి ఇప్పుడు.

మోడరేటర్

గుళ్ల మీద చర్చ వేరే చోట నడుస్తోంది, దయచేసి అక్కడ. రెండు కామెంట్లు తీసేశాను. ఇక్కడ నిధులు, పాలసీ వరకే.

జమ్మలమడుగు_కుర్రోడు

తాతయ్య గారూ, ఇంత విన్నాక నేను అడిగే పద్ధతి మారుస్తున్నా. కట్టుబడి డబ్బులో వాటా దొరకదు, సరే. కానీ కట్టిన తర్వాత ఆ కోటలో పార్కింగ్, టెంట్లు, ఫుడ్ కోర్టు ఎవరో ఒకరికి నిర్వహణకు ఇస్తారు కదా. ఆ టెండర్‌లో "వారానికి ఇన్ని ప్రదర్శనలు పెట్టాలి, ఈ జిల్లాల బృందాలకే ఇవ్వాలి, ఇంత తక్కువ కాకుండా ఇవ్వాలి" అని షరతు రాయించొచ్చా?

ఫైళ్ల_తాతయ్య

రాయించొచ్చు. అడగాల్సింది అదే. నిర్వహణ ఒప్పందంలో షరతు పెడితే ఆ డబ్బు ఖజానా నుంచి రాదు, ఆదాయం నుంచి వస్తుంది. ట్రెజరీకి బిల్లు వెళ్లే పనే లేదు. టెండర్ పిలిచాక అడిగితే లాభం లేదు, ముసాయిదా దశలోనే అడగాలి. ఆంధ్రప్రదేశ్ 2024 డిసెంబరులో కొత్త పర్యాటక విధానం తెచ్చి పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పెట్టుబడిదారుడికి రాయితీలు ఇస్తున్నప్పుడు బదులుగా ఒక షరతు అడగడం తప్పేమీ కాదు. రాయితీ తీసుకునే రిసార్టు వారానికి రెండు సాయంత్రాలు స్థానిక బృందానికి ఇవ్వాలి అని.

ఒక్క జాగ్రత్త. షరతులో "సాంస్కృతిక కార్యక్రమం" అని వదిలేస్తే కాంట్రాక్టరు డీజే పెట్టి టిక్కు కొట్టుకుంటాడు. కళారూపాల పేర్లు రాయాలి.

రాజమండ్రి_రేవు

నేను బోటు నడుపుకునే వ్యాపారిని, నా వైపు నుంచి చెప్తున్నా. షరతు పెట్టండి, పర్వాలేదు. కానీ సీజన్ కానప్పుడు, వానాకాలంలో బోటులో పది మంది కూడా ఉండరు. అప్పుడూ ఏడుగురి బృందానికి కట్టమంటే నా వల్ల కాదు. ప్రదర్శనకు ఇంత అని కాకుండా టికెట్‌లో ఇంత శాతం అని పెట్టండి.

తెర_బొమ్మ

శాతం వద్దు సార్. మీ బోటులో ఎంతమంది ఎక్కారో మాకెలా తెలుస్తుంది? పది మంది చూసినా వంద మంది చూసినా మేం ఏడుగురమే రావాలి, వ్యాన్ అంతే తీసుకుంటాడు. వానాకాలంలో ఆటలు తగ్గించండి, ఆటకు ఇచ్చేది తగ్గించకండి.

రాజమండ్రి_రేవు

అది సబబుగానే ఉంది. సీజన్‌లో వారానికి రెండు, అన్‌సీజన్‌లో నెలకు రెండు. దానికైతే నేను సంతకం పెడతా.

డప్పు_దరువు

బృందాలను ఎవరు ఎంచుతారు? ఈవెంట్ మేనేజర్ చేతికిస్తే వాడి బావమరిది బృందమే వస్తుంది. జిల్లాలో నమోదైన బృందాల జాబితా పెట్టి వరుస ప్రకారం పిలవాలి. ఆ జాబితా గోడ మీద అంటించాలి.

మాటల_మూట

వరుస ప్రకారం అంటే బాగా ఆడేవాడికీ, ఏదో ఆడేవాడికీ ఒకటే. అప్పుడు చూసేవాడు మళ్లీ రాడు. సగం వరుస, సగం ప్రేక్షకులు మెచ్చినవాళ్లకు పెట్టండి. కనీసం ఆ మేరకైనా మార్కెట్‌ను బతకనివ్వండి!

ఓరుగల్లు_అడుగు

దీనికి నేను ఓకే. మా రామప్పలో కూడా ఇదే అడుగుతాం. టైమ్ గురించి ఒక వాక్యం చేర్చండి: ప్రదర్శన చెప్పిన వేళకు మొదలవ్వాలి, అతిథి రాకతో సంబంధం లేకుండా.

జమ్మలమడుగు_కుర్రోడు

అర్జీ రాస్తున్నా. కలెక్టరు గారికి, పర్యాటక శాఖకు రెండు కాపీలు. ఇప్పటిదాకా ఇందులో ఉన్నవి: నిర్వహణ ఒప్పందంలో ప్రదర్శనల షరతు, కళారూపాల పేర్లు (తోలుబొమ్మలాట, సురభి పద్ధతి నాటకం, బుర్రకథ, చెక్కభజన, హరికథ), సీజన్ ప్రకారం సంఖ్య, జిల్లా జాబితా, చెప్పిన వేళకు ఆట. ఇంకేమైనా ఉందా?

తెర_బొమ్మ

సగం డబ్బు ముందు, సగం ఆట అయిన రాత్రే. దాన్ని మొదటి పాయింటుగా పెట్టండి, చివర్న రాస్తే ఎవరూ చదవరు. బంగారక్కను తీసేయమని అడగకూడదని కూడా రాయండి.

ఫైళ్ల_తాతయ్య

బంగారక్క మాట అర్జీలో ఎలా రాస్తారయ్యా? "ప్రదర్శన విషయంలో నిర్వాహకుల జోక్యం ఉండరాదు" అని రాయండి. ముసాయిదా ఇక్కడ పెట్టండి, ఆఫీసు భాషలోకి నేను మారుస్తా. అడ్వాన్సు శాతం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయడం మర్చిపోకండి.